పదిహేడు ఫొటోలు

కిటికీ పక్క సీటు దొరికింది, ఇంకేం కావాలి, అనుకున్న మరుక్షణం నా మీద నాకే రోత పుట్టింది, ఒక పిల్ల చదువు చెడగొట్టి ఆ పిల్ల ఇంటికే వెళుతున్నదాన్ని, గాలి తగిలే సీటు దొరికినందుకు సంతోషపడుతున్నాను, శ్రీకాకుళం కాంప్లెక్సులో కళింగపట్నం బస్సు ఇంకా కదలలేదు, డ్రైవరు టీ తాగుతున్నాడు, తాగవయ్యా తాగు, నాకేం తొందర, ఎల్లుండి పొద్దున్న సెకండ్ ఇంటర్ పరీక్షలు మొదలు, తాయారు హాల్‌టికెట్ నా బ్యాగులో, మడత పడకుండా బైబిలు పేజీల మధ్య ఉంది, ఆ పిల్ల మాత్రం తొమ్మిది రోజుల కిందటే హాస్టల్ నుంచి పెట్టె పట్టుకుని వెళ్లిపోయింది, ఫోన్ చేస్తే వాళ్లమ్మ దేముడమ్మ ఎత్తి, ఇంక సదవదంటమ్మా మా గుంట, పరీచ్చలు రాయదంట, అని పెట్టేసింది, ఎందుకు రాయదు అని నేను అడగలేదు, ఎందుకో నాకు తెలుసు కాబట్టే అడగలేదు.

బస్సు కదిలింది, టౌను దాటి గార రోడ్డెక్కింది, కోసేసిన వరిమళ్లలో పెసర మొక్కలు, మొన్నటి తుఫానుకి తలలు విరిగిన కొబ్బరిచెట్లు, ఎవరో నమస్తే మేడమ్ అన్నారు, పాత విద్యార్థి కాబోలు, కృపారాణి మేడమ్ అంటే నరసన్నపేటలో ఇప్పటికీ లేచి నిలబడతారు, పదకొండేళ్లుగా అక్కడి జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నాను, చెబుతున్నాను అంటే ప్రశ్నా జవాబూ డిక్టేట్ చేస్తాను, పిల్లలు కామాతో సహా బట్టీ పడతారు, మార్కులు వస్తాయి, అలా పాసైన ఒక పిల్ల డిగ్రీకి విశాఖపట్నం వెళితే, నువ్వేమనుకుంటున్నావో రెండు వాక్యాలు రాయమన్నారట, రాయలేక ఏడ్చి పెట్టె సర్దుకుని వచ్చేసింది, ఆ పిల్లని చూశాకే ప్రిన్సిపాల్ నరసింగరావు గారిని బతిమాలి శనివారం ఆఖరి పీరియడ్ తీసుకున్నాను, పై చదువులకి వెళ్లాలనుకునే నలభై మంది, సిలబస్ లేదు, మార్కులు లేవు, బోర్డు మీద మూడు ప్రశ్నలు, ఎవరు చెప్పారు, వాళ్లకెలా తెలుసు, నువ్వు వెళ్లి చూశావా, అంతే, ఆ గంటసేపే నేను టీచర్ని, మిగతా వారమంతా టేప్‌రికార్డర్ని, జేబులో ఉల్లిపాయ ఉంటే వడదెబ్బ తగలదంటారు నిజమేనా అని త్రినాథ్ ఎండాకాలం ఉపాధి పనికి వెళ్లే అరవై మందిని అడిగి పట్టిక గీసుకొచ్చాడు, ఉల్లిపాయ ఎట్టుకున్నోళ్లు నెత్తికి తువ్వాలు కూడా సుట్టుకుంతన్నారు మేడమ్, మరి కాపాడింది ఉల్లిపాయా తువ్వాలా ఎలగ సెప్పగలం, అన్నాడు, క్లాసంతా చప్పట్లు, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఇంతకంటే ఏం కావాలి నాకు అనుకున్నాను, ఆ రోజే, చప్పట్లు ఆగాక, ఆఖరి బెంచీలోంచి, జవాబు తెలిసినా చెయ్యెత్తని పిల్ల, తాయారు, నెమ్మదిగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

మేడమ్, బస్టాండు దగ్గర మన కాలేజీ ఫ్లెక్సీ ఉన్నాది కదండి, ఇరవైనాలుగు ఫొటోలు, ర్యాంకులొచ్చినోళ్లు, ఆళ్లందరూ మన దగ్గిరే సదివినారని ఎవరు సెప్పినారండి, అని అడిగింది, నేను నవ్వాను, ఆ ఫొటోల సంగతి స్టాఫ్‌రూంలో తెలియనిదెవరికి, వద్దమ్మా, ఇంకో ప్రశ్న తీసుకో, అనవలసింది, అనలేదు, వెళ్లి చూడు అన్నాను, ఎందుకన్నాను, ధైర్యమా, కాదు, ఆ పిల్ల అంతదూరం వెళ్లదులే అనుకున్నాను, వెళ్లింది, మూడు నెలల ఆదివారాలు, పన్నెండు ఊళ్లలో పన్నెండు ఇళ్లు, మిగతావాళ్లకి హాస్టల్ వంటావిడ ఫోన్ అడుక్కుని మాట్లాడింది, అట్టవేసిన నోటుపుస్తకంలో తేదీ, ఊరు, ఎవరు చెప్పారు, ఫొటోలో ఉన్నవాళ్లకి వీళ్లేమవుతారు, అన్నీ గీతలు గీసి రాసింది, ఇరవైనాలుగులో పదిహేడు మంది మన కాలేజీలో చదవనే లేదు, కొందరు ఒక్కపూట టెస్టు రాయడానికి వచ్చి వెళ్లినవాళ్లు, కొందరు నరసన్నపేట మొహమే చూడనివాళ్లు, ఏడుగురు మాత్రం నిజంగా మనోళ్లే, ఆళ్లు కష్టపడి సదివినారు, ఆళ్లని అనుమానించకూడదు, అని చివర ఒక వాక్యం కూడా రాసింది, ఆ వాక్యం చూసి నేను మురిసిపోయాను, ఇది నేను నేర్పలేదు, ఇది ఆ పిల్ల సొంతం, శనివారం క్లాసులో లేచి చదివింది, సోమవారం పొద్దున్నకల్లా సంగతి ప్రిన్సిపాల్ గదికి చేరింది.

గార వచ్చింది, సగం బస్సు దిగిపోయింది, నేనూ ఇక్కడే దిగి వెనక్కి వెళ్లిపోతేనో, పిల్ల ఇంట్లో లేదు సార్ అని చెప్పేస్తేనో, ఒక అబద్ధానికి ఇంకొకటి, ఎంతసేపు, ఆ సోమవారం నరసింగరావు గారు అరవలేదు, అరిచి ఉంటే బాగుండేది, పిల్ల రాకముందు నాతో అన్నారు, సూడండి మేడమ్, హాల్‌టికెట్లు నా బీరువాలోనే ఉన్నాయి, తప్పయిపోయిందని ఆ పిల్ల ఒక్క ముక్క రాసిచ్చేస్తే గొడవుండదు, మీ శనివారం క్లాసూ ఉంటాది, అని, తర్వాత తాయారుని పిలిచి నోటుపుస్తకం నా చేతిలో పెట్టి, మేడమ్ మీరే సెప్పండి, ఇది రీసెర్చేనా, అన్నారు, నేను చెప్పాను, దేవా, ఎంత తియ్యగా చెప్పాను, నీ శాంపిల్ చాలదు తాయారూ, పన్నెండు ఇళ్లకే వెళ్లావు, ఫోన్లో మాట్లాడింది వాళ్లేనని ఏమిటి ఆధారం, సంతకాలేవి, ముందే ఒక అభిప్రాయం పెట్టుకుని దానికి సరిపోయేవే ఏరుకున్నావు, అని, ఒక్కొక్కటీ నేను శనివారాల్లో బోర్డు మీద రాసిన మాటే, అబద్ధాన్ని పట్టుకోవడానికి నేర్పిన మాటలన్నీ నిజాన్ని పడగొట్టడానికి వాడాను, ఆ పిల్ల ఎదురు చెబుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను, అదేమీ లేదు, తలూపుతూ వింది, తప్పులు దిద్దుతుంటే వినే పిల్లలా వింది, అవునండి, సంతకాలు తీసుకోనేదండి, అంది, ఆయన చెప్పిన ముక్క రాసిచ్చింది, గుమ్మం దగ్గర ఆగి, అంటే నాకు ఆలోసించడం రాదాండి మేడమ్, అని అడిగింది, ప్రిన్సిపాల్ గారు నన్నే చూస్తున్నారు, ఇంకా రాలేదమ్మా, అన్నాను.

ఇంకా రాలేదమ్మా, ఎక్కడినుంచి వచ్చిందా మాట, ఆ పిల్ల హాల్‌టికెట్ కోసమే అలా అన్నానని తొమ్మిది రాత్రులు నాకు నేను చెప్పుకున్నాను, ప్రార్థనలో కూడా అదే చెప్పాను, కానీ హాల్‌టికెట్ కోసమైతే ఆ ముక్క రాసిచ్చాక చాలు కదా, గుమ్మం దగ్గర ఆ మాట దేనికి, శనివారం పీరియడ్ కోసం, నేను టీచర్నని అనిపించే ఆ ఒక్క గంట కోసం, నిజం వెతకడం నేర్పే గంటని దక్కించుకోవడానికి నిజం వెతికిన పిల్లని అమ్మేశాను, ఆ శనివారం క్లాసుకి వెళ్లాను కూడా, చాక్‌పీస్ పట్టుకుని బోర్డు ముందు నిలబడ్డాను, చెయ్యి కదల్లేదు, ఆఖరి బెంచీలో ఆ చోటు ఖాళీగా ఉంది, నిన్న నరసింగరావు గారు తానే హాల్‌టికెట్ తీసి ఇచ్చారు, ఆ పిల్లకి మంచి మార్కులొస్తాయి మేడమ్, పోగొట్టుకుంటే మనకే నష్టం, మీరెల్లి తీసుకొచ్చీండి, అని, ఈసారి ఫ్లెక్సీ మీద తాయారు ఫొటో కావాలి ఆయనకి.

బస్సు దిగి అడిగితే ఎవరో సముద్రం వైపు చెయ్యి చూపించారు, లైట్‌హౌస్ దాటాక ఇసుకలో వలలు పరిచి నెత్తళ్ల చేపలు ఎండబెడుతున్నారు, ఎండ మాడుతోంది, వాసన గొంతులో పట్టుకుంటోంది, తలకి గుడ్డ చుట్టుకున్న ఒకామె లేచి నన్ను పైనుంచి కిందికి చూసి, మీరేనేటి ఆ మేడమ్మ, అంది, దేముడమ్మ, అవునన్నాను, ఏటి సేసినారమ్మా మా గుంటని, అంది, కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామని అడుగుతున్నట్టు, ఊళ్లో ఆడగుంటల్లో పన్నెండు దాకా సదివింది ఇదొక్కతే, పట్నంలో డిగ్రీ సదువుతానని ఆళ్ల నాన్న సోములుతో దెబ్బలాడింది, ఇప్పుడొచ్చీసి, అమ్మా నాకు బుర్ర నేదు, మేడమ్మే సెప్పినాది, అంటాది, పుస్తకం ముట్టదు, ఎవులేటి సెప్పినా ఊఁ అంటాది, దానికి బుర్ర నేదా అమ్మా, ఉన్నదున్నట్టు సెప్పీండి, నాను తట్టుకుంతాను, అంది, కాళ్ల కింద ఇసుక కాలుతోందని అప్పుడు తెలిసింది, చెప్పులు ఎప్పుడు విప్పానో తెలియదు, ఆమె వెనక తాయారు గొంతుక్కూర్చుని చేపల్ని ఒక్కొక్కటీ తిరగేస్తోంది, నన్ను చూసి లేచి నిలబడింది, క్లాసులో లేచినట్టే, చేతులు లంగాకి తుడుచుకుంది.

తాయారూ, నువ్వు రాసింది నిజం, అన్నాను, తప్పేమీ లేదు, శాంపిల్ చాలు, ఆధారాలు చాలు, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను, నాకు తెలిసే చెప్పాను, హాల్‌టికెట్ తెచ్చాను, రా అమ్మా, పరీక్ష రాయి, అని ఒక్క ఊపిరిలో అనేశాను, పిల్ల ఏడుస్తుంది, నన్ను తిడుతుంది, లేదా మొహం విప్పారుతుంది, బస్సులో అన్ని రకాలుగా ఊహించుకుంటూ వచ్చాను, ఆ పిల్ల నా మొహంలోకి చూసింది, ఏది నిజమండి మేడమ్, ఆ రోజు సెప్పిందా, ఇయ్యాల సెప్తన్నదా, అంది, ఇదే అన్నాను, పరీచ్చ రాయించడానికి అలగ అంటన్నారేమో నాకెలా తెలుస్తాదండి, ప్రిన్సిపాల్ సారు పంపించినారా మిమ్మల్ని, అంది, పంపించారు, అన్నాను, అబద్ధం చెప్పలేకపోయాను, మరి, అంది, ఒట్టు వెయ్యబోయాను, దేవుని మీద, నా పిల్లల మీద, వెయ్యలేదు, ఒట్టు ఆధారం కాదు, కన్నీళ్లు ఆధారం కాదు, పదకొండేళ్ల మంచి పేరు ఆధారం కాదు, ఈ ఇసుకలో ఈ పిల్ల ముందు పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు, ఎల్లుండే పరీక్ష, ఏమీ లేదు, అరచేతులు ఖాళీ, ఇలా ఉంటుందా నరకం అంటే, నిజం చెబుతూ నిరూపించలేకపోవడం.

అప్పుడు ఫోన్ తీశాను, ఆలోచించి తీయలేదు, ఆలోచించి ఉంటే తీసేదాన్ని కాను, నరసింగరావు గారి నంబరు నొక్కి స్పీకర్ పెట్టాను, ఏటి మేడమ్, దొరికిందా పిల్ల, అన్నారు, సార్, తాయారు రాసింది నిజమే, ఆ రోజు మీ గదిలో నేనే అబద్ధం చెప్పాను, అన్నాను, అటునుంచి నవ్వు, ఆ సంగతి నాకు తెల్దేటి మేడమ్, ఆ ఫొటోలు ఏయించినోణ్ణి నేను, పదిహేడు కాదు పద్దెనిమిది, మీ శిష్యురాలు ఒకటి ఒగ్గీసింది, ఇప్పుడా గొడవెందుకు, ముందు పిల్లని బస్సెక్కించండి, అన్నారు, సార్, తాయారు ఇక్కడే ఉంది, వింటోంది, అన్నాను, రేపట్నుంచి మీరు కాలేజీకి రానక్కర్లేదు మేడమ్, అని వినిపించింది, పెట్టేశారు, అయిపోయింది, పదకొండేళ్లు, శనివారాలు, త్రినాథ్ తర్వాతి పట్టిక, అన్నీ, దేముడమ్మ నా భుజం పట్టుకుని వల పక్కన కూర్చోబెట్టింది, చెంబుతో నీళ్లిచ్చింది.

పద్దెనిమిదా, అంది తాయారు, నన్ను కాదు, తనను తానే అడుగుతున్నట్టు, మరయితే ఆ ఏడుగురిలో ఒకరు నాతో అబద్ధం ఆడినారన్నమాట, అని కళ్లు చిట్లించి సముద్రం వైపు చూసింది, మళ్లీ వెంటనే, పద్దెనిమిదని సారు అన్నారంతే కదండి, మనం సూడనేదు కదా, అంది, ఆ మాట విని దేముడమ్మ నా మొహంలోకి చూసింది, బుర్ర ఉందా లేదా అని ఆమె ఇంక అడగలేదు, తాయారు బిందెలో నీళ్లతో చేతులు రెండుసార్లు కడుక్కుని హాల్‌టికెట్ అందుకుంది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి నేను చూశాను అంటున్నా వినిపించుకోకుండా పేరు, తండ్రి పేరు, సెంటరు, సబ్జెక్టులు, తేదీలు, వేలు పెట్టి ఒక్కొక్కటీ చదువుకుంది, అమ్మా, మూడు గంటల బస్సుకి ఎల్తాను, అంది, నేను ఆగలేక, ఇంక నన్ను ఎప్పటికైనా నమ్ముతావా తాయారూ, అని అడిగేశాను, ఎంత సిగ్గులేని ప్రశ్న, తెల్దండి, అంది, దురుసుగా కాదు, మర్యాదగానే, నిజంగా తెలియనట్టే, అని ఇంట్లోకి పుస్తకాలు సర్దుకోవడానికి వెళ్లిపోయింది, నేను ఎండలో అక్కడే కూర్చున్నాను, నలభై మంది పిల్లలు నేను చెప్పిందానికల్లా తలూపారు, ఒక్కరు, ఒక్కసారి కూడా, మీకెలా తెలుసు మేడమ్ అని నన్ను అడగలేదు, అది గౌరవమనుకున్నాను, అది నా చదువు ఫలితమనుకున్నాను, ఈ పిల్ల కూడా తలూపుతూనే ప్రిన్సిపాల్ గది గుమ్మం దాటి వెళ్లింది, నా మాటని పట్టుకుని ఇంటిదాకా మోసుకొచ్చి దాని కింద పడి నలిగింది, ఇవాళ మొదటిసారి నన్ను నమ్మలేదు, ఆ నమ్మకం ఇంక తిరిగి రాదు, అయినా ఒక్క సంగతి మాత్రం నాకు తేటగా తెలుస్తోంది, ఎల్లుండి ఆ పిల్ల వెళ్లి పరీక్ష రాసేది నేను చెప్పానని కాదు.