చిట్టి కెప్టెన్ ఆఖరి పాట

శనివారం పొద్దున ఫైర్‌స్టేషన్ షెడ్డులో ప్యాన్‌కేకుల విందుకు ఊరంతా చేరింది. నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊరికి అమెరికన్ ఫుట్‌బాల్ కప్పు వచ్చింది ఒక్కసారే. దాన్ని తెచ్చింది రాడ్నీ కొలార్ ఆఖరున బంతి పట్టి గీత దాటిన టచ్‌డౌన్. ఏటా ఈ విందులో ఆ మ్యాచ్ వీడియో టేపు వేస్తారు. టేపు ఆడించే మిషన్ ఊళ్లో ఇప్పుడు రాడ్నీ తమ్ముడు కర్టిస్ దగ్గరే ఉంది.

"జాగ్రత్తరా, దీనికి రెండో కాపీ లేదు," అన్నాడు రాడ్నీ, భుజమ్మీద చరుస్తూ.

"తెలుసన్నా."

తెలియకేం. ఆ టేపు మొదట కర్టిస్‌దే. తాతల నాటి గూడబాతు కెప్టెన్ బొమ్మల సినిమాలకు కొసరుగా, ఆ కెప్టెన్ పసితనమంటూ కర్టిస్ చిన్నప్పుడు శనివారం పొద్దుటి పూట టీవీలో 'చిట్టి కెప్టెన్' వేసేవారు. ఆఖరి భాగం రోజున కర్టిస్ దూడల పోటీకి వెళ్లాల్సొచ్చింది. అమ్మ రికార్డు చేసి పెట్టింది. ఇంటికి రాగానే ఎవరూ చెరపకుండా టేపు అంచున ఉండే ప్లాస్టిక్ ముక్క విరిచేశాడు. దూడకు మేత వేసి, స్నానం చేసి వచ్చి చూద్దామనుకున్నాడు. అతను వచ్చేసరికి రాడ్నీ ఆ కన్నానికి అతుకు అంటించి, సాయంత్రం టీవీలో పావుగంట వేసిన తన మ్యాచ్ విశేషాలు ఎక్కించుకున్నాడు.

"బొమ్మలేగా! వచ్చే వారం మళ్లీ వేస్తార్లేరా ఏడుపుగొట్టూ."

మళ్లీ ఎప్పుడూ వెయ్యలేదు.

నిరుడు విందు అయ్యాక టేపు ఆపడం మరిచాడు కర్టిస్. మ్యాచ్ అయిపోయాక తెర మీద చుక్కలు పడి, ఉన్నట్టుండి చిట్టి కెప్టెన్ ప్రత్యక్షమయ్యాడు. కథంతా పోయింది, ఆఖరి పాట మిగిలింది. కర్టిస్ దాన్ని రెండుసార్లు తిప్పి చూశాడు. ఈ మధ్య రెండు మిషన్లు కలిపి కూర్చుని, ఆ పాటను ఇంకో టేపులోకి తీసుకున్నాడు. అన్న అంటించిన అతుకు పసుపు తిరిగి ఇంకా అక్కడే ఉంది. అది ఉండబట్టే ఈ టేపు మీద మళ్లీ రికార్డు చేసే పని సాగింది.

ఇప్పుడు షెడ్డులో తెర మీద బంతి లేచింది. కుర్ర రాడ్నీ చేతులు చాచాడు. షెడ్డంతా ఊపిరి బిగబట్టింది.

టోపీ పెట్టిన గూడబాతు పిల్ల పడవెక్కి పాట అందుకుంది.

అరుపుల కోసం కాచుకున్నాడు కర్టిస్. అరుపులు రాలేదు.

"ఓరి నాయనో, చిట్టి కెప్టెన్!" అంది రాడ్నీ భార్య డెనిస్. "తెరచాప ఎత్తరా, సొరచేపను పిలవరా..." అంటూ చేతులు ఆడించింది. తలలు నెరిసినవాళ్లంతా గొంతు కలిపారు. ఒకాయన సిరప్ సీసా పట్టుకుని తెడ్డు వేశాడు.

"నా టచ్‌డౌన్ ఏదిరా?" రాడ్నీ మొహం పాలిపోయింది.

"వచ్చే వారం మళ్లీ వేస్తార్లే అన్నా."

"వెనక్కి తిప్పు!" అని అరిచాడు రాడ్నీ.

"అవునయ్యా కర్టిస్, తిప్పు," అంది డెనిస్, నవ్వి నవ్వి వచ్చిన కన్నీళ్లు తుడుచుకుంటూ. "పాట మొదట్నుంచీ వెయ్యి."

కర్టిస్ తీరిగ్గా తిప్పాడు.