ఎక్స్‌ట్రా ప్లేయరు

పైడమ్మ నా పక్కనే కూర్చుని ఉంది, కానీ ఖోఖో వరసలో ఒకరు అటు తిరిగితే పక్కవాళ్ళు ఇటు తిరగాలి కాబట్టి దాని ముఖం నాకు కనపడదు. మా హైస్కూలు గ్రౌండు కాసేపు గ్రౌండులాగే ఉండి, ఇంతలోనే పార్వతీపురం ప్లాట్‌ఫారం అయిపోతోంది, దానికి పదిహేనేళ్ళు, నాకు నలభై, అది కిందటేడు జ్వరంతో పోయిందని నాకు తెలుసు, ఆ సంగతి దానికి చెప్పకూడదనీ తెలుసు.

"ఎందుకు మానేసినావే రత్నం?" అంటుంది.

"మా నాన్న వద్దన్నాడు గదే," అంటాను. పదో తరగతిలో చెప్పిన అబద్ధమే, రాష్ట్ర పోటీలకి వారం ముందు మాస్టారు దాన్ని కెప్టెన్ చేసి నన్ను ఎక్స్‌ట్రా ప్లేయరుగా పక్కన కూర్చోబెట్టిన సాయంత్రం అందరికీ చెప్పిన అబద్ధం. అది నమ్మి పైడమ్మ మా ఇంటికొచ్చి నాన్న కాళ్ళు పట్టుకుంటే, ఏమీ తెలియని నాన్న తలుపు వెనక నిలబడ్డ నన్నొకసారి చూసి, "అవునమ్మా, నేనే వద్దన్నాను," అన్నాడు.

"మీ నాన్న నాకు మజ్జిగిచ్చినాడే. ఎండన పడొచ్చినావు, తాగమన్నాడు. ఆట వద్దన్నోడు అలగ సూస్తాడేటి? అప్పుడే తెలిసిపోనాది నాకు."

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగితే నా వల్లే మానేసినానంటావని బయిమేసింది."

గ్రౌండు మధ్యలోంచి ఒక రైలు చప్పుడు లేకుండా పోతోంది, కిటికీల్లో మా జట్టు పిల్లలందరూ ఉన్నారు, ఒక్కరూ మావైపు చూడరు.

"నువ్వెందుకు మానలేదే? ఆటంటే అంత పిచ్చా?"

"పిచ్చేటి? నీ పక్కన కూకోడానికి వచ్చీదాన్ని. నువ్వెల్లిపోయాక నానూ మానేద్దామనుకున్నాను. నానూ లేకపోతే నీ సోటు ఇంకోల్లకిచ్చీస్తారని ఉండిపోనాను."

తప్పు నాదేనని చెప్పాలని, ఆట నియమం కాదని తెలిసీ దానివైపు తిరుగుతాను, తిరిగేసరికి విజిలు మోగుతుంది, అది లేచి పరిగెడుతోంది, విజిలు ఆగడం లేదు.

మోగుతున్నది ఫోను. కిటికీలో ఎండ పడుతోంది. నాన్న.

"అమ్మా, పైడమ్మ సంవత్సరీకం ఈ రోజే. ఆళ్ళింటికి బయల్దేరినాను. నీ మాటగా ఆళ్ళమ్మకి ఏటైనా సెప్పమంటావా?"

దుప్పటి తీసి లేచాను.

"ఉండు నాన్నా, నేనూ వస్తాను. ఆవిడకి నేనే చెప్పుకోవాలి."

నాన్న ఏమిటని అడగలేదు. "నెమ్మదిగా రా," అన్నాడు.