థార్న్‌బీ ఆగిన చోట

కొండల్ రావు బ్యాంకు ఉద్యోగం చేస్తూనే నరసరావుపేట చుట్టుపక్కల చాలా ఏళ్లు పద్యనాటకాలు ఆడాడు. 2011 చలికాలంలో న్యూయార్క్ దగ్గరున్న పిస్కాటవేలో కూతురు భానుశ్రీ దగ్గరికి వచ్చినప్పుడు ఆయన కోరింది ఒక్కటే, ఎడ్విన్ థార్న్‌బీ నాటకం చూడాలని. ఆ ఇంగ్లీషు నటుడి సినిమాలు ఆయన టీవీలో చూశాడు. డెబ్బై ఏళ్ల వయసులో ఆ మనిషి న్యూయార్క్‌లో మళ్లీ రంగస్థలం ఎక్కాడని తెలిసి ఆశ్చర్యపోయాడు.

"సినిమాల్లో అంత పేరొచ్చాక ఈ అవస్థ దేనికమ్మా ఈయనకి?"

శనివారం మధ్యాహ్నం ఆటకి ఇద్దరూ ట్రైన్‌లో వెళ్లారు. థార్న్‌బీది ముసలి జడ్జి పాత్ర. రెండో అంకంలో, చనిపోయిన కొడుకు కూర్చునే కుర్చీ ముందు నిలబడి మాట్లాడుతూ, వాక్యం మధ్యలో ఆగిపోయాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. పక్క సీటావిడ కళ్లు తుడుచుకుంది. థార్న్‌బీ మెల్లగా కుర్చీ పట్టుకుని దాని చుట్టూ తిరిగి, వేరే మాట అందుకున్నాడు.

"మర్చిపోయాడు," అన్నాడు కొండల్ రావు కూతురి చెవిలో.

"అది యాక్టింగ్ నాన్నా. ప్లీజ్, ఊరుకోండి."

ఆట అయ్యాక ఆయన ఇంటికి బయల్దేరనన్నాడు. నటులు బయటికొచ్చే పక్క తలుపు దగ్గర, సన్నగా మంచు పడుతుంటే నిలబడ్డాడు. కాసేపటికి థార్న్‌బీ మఫ్లర్ చుట్టుకుని వచ్చి, అందరికీ సంతకాలు పెడుతూ వీళ్ల ముందు ఆగాడు.

"ఆగినప్పుడు ఏం కనబడిందో అడుగు."

"అలా ఎలా అడుగుతాను? రూడ్‌గా ఉంటుంది."

కొండల్ రావు తనే అడిగేశాడు. "సర్, యు ఫర్‌గాట్. వాట్ డిడ్ యు సీ?"

థార్న్‌బీ చేతిలో పెన్ను ఆగింది. భానుశ్రీ సిగ్గుతో తల దించుకుంది. థార్న్‌బీ మాత్రం గట్టిగా నవ్వాడు.

"కుర్చీ తప్ప ఇంకేమీ కనబడలేదు. అందుకే దాన్ని పట్టుకున్నాను," అని, ఇద్దరినీ తలుపు లోపల వెచ్చగా ఉన్న నడవలోకి పిలిచాడు.

అక్కడ థార్న్‌బీ చెప్పిన సంగతులు భానుశ్రీ తండ్రికి తెలుగులో వివరించింది. కుర్రతనంలోనే ఆయన లీడ్స్‌లో చిన్న నాటక కంపెనీలో చేరాడు. లండన్‌లో పెద్ద పాత్రలు వేశాడు. ఒకసారి అక్కడే, నిండు సభలో చెప్పాల్సిన మాట మర్చిపోయాడు. మర్నాడు వేదిక ఎక్కడానికి కాళ్లు రాలేదు. సినిమాల్లోకి వెళ్లిపోయాడు.

"కెమెరా ముందు తడబడితే మళ్లీ తీస్తారు. ఆ ధైర్యంతోనే బాగా చేశానేమో, అవార్డులొచ్చాయి. కానీ ఆ భయం పోయిందో లేదో తెలుసుకోకుండా చచ్చిపోవడం ఇష్టంలేక వచ్చాను."

"పోయిందా?" అన్నాడు కొండల్ రావు.

"లేదు. కానీ ఇవాళ నేను పారిపోలేదు." తర్వాత ఆయనే అడిగాడు. "మీ నాటకాల్లో మర్చిపోతే ఏం చేస్తారు?"

"మాకు పక్కన హార్మోనియం ఆయన ఉంటాడు. పద్యం తట్టేదాకా మేం రాగం తీస్తాం, ఆయన వెంట వస్తాడు."

చూపించమన్నాడు థార్న్‌బీ. కొండల్ రావు గొంతు సవరించుకుని మోహన రాగం ఎత్తుకున్నాడు. లోపల సామాను సర్దుతున్నవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. రాగం పూర్తయ్యాక థార్న్‌బీ దగ్గరికి వచ్చాడు.

"అయితే ఆ కాసేపూ మీరు ఒంటరి కాదన్నమాట," అని చెయ్యి కలిపి, సాయంత్రం ఆటకి సిద్ధం కావడానికి లోపలికి వెళ్లాడు.

తిరుగు ట్రైన్‌లో భానుశ్రీ తండ్రి చెయ్యి వదల్లేదు. ఎడిసన్ స్టేషన్ దగ్గర పడుతుండగా ఆయన అన్నాడు, "వచ్చే శనివారం టికెట్లు ఉన్నాయేమో చూడు."

"మళ్లీ మర్చిపోతాడేమో చూద్దామనా?"

"కాదు. మర్చిపోకపోతే ఆ మాట ఎలా అంటాడో వినాలి."