పట్టపగటి దెయ్యం

చీపురుపల్లి స్టేషను రోడ్డులో ఫోటో స్టూడియో పెట్టుకున్న సత్యరాజుకి, పెళ్లిచూపుల ఫోటోల్లో ఆడపిల్లల్ని ఒక ఛాయ తెల్లగా చేసి ఇస్తాడని మంచి పేరుంది. అంత చక్కగా బతుకుతున్నవాడు పందొమ్మిదివందల అరవై ఎనిమిదిలో దెయ్యం సినిమా తీస్తానని బయల్దేరాడు. మిషను ఆస్పత్రి దొరగారు స్వదేశం వెళ్లిపోతూ, కీ ఇచ్చి నడిపే చిన్న సినిమా కెమెరా అతని చేతిలో పెట్టి పోయారు. బైబిలు కథలు చూపించే ప్రొజెక్టరు మిషనులో ఉండనే ఉంది. ఇక కావలసింది దెయ్యమే.

"ఒరే సత్యం, తెల్లసీర కట్టించు. జుత్తు ఇరబోయించు. మజ్జలో ఒక పాట. ఇంకేటి కావాల?" అన్నాడు గణపతిరావు. ఊళ్లో గుడారం సినిమాహాలు అతనిదే. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నారు.

"ఆ దెయ్యం మనందరికీ చుట్టమైపోయింది. చుట్టాన్ని చూసి ఎవడు జడుస్తాడ్రా?"

"జడవరు. కానీ వస్తారు," అన్నాడు గణపతిరావు.

సత్యరాజు వినలేదు. లైట్లకి తాహతు లేదు కాబట్టి అతని దెయ్యం మిట్టమధ్యాహ్నం వస్తుంది. వేషగాడు దొరకలేదు కాబట్టి ఇంట్లో తిరిగే మనిషి కనబడడు, అతని కళ్లకి కనిపించేదే మనకీ కనిపిస్తుంది. ఇవన్నీ తాను ముందే ఆలోచించి పెట్టుకున్నట్టు భార్య లీలారాణికి చెప్పాడు. ఆవిడ నమ్మినట్టు తలూపింది.

దెయ్యానికి తవిటమ్మని అడిగాడు. చోడిపిండి, అంటే రాగిపిండి, బుట్టలో నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి అమ్ముకునే మనిషి. యాభై దాటిన వయసు.

"నానేటి సెయ్యాల బాబూ?"

"నీ పనే అప్పా," అన్నాడు సత్యరాజు, అక్కని పిలిచినట్టు. "వాకిట్లో కూచుని చోళ్లు చెరుగు. చేట మాత్రం ఖాళీగా ఉంటుంది. నేను చెయ్యెత్తినప్పుడు ఒక్కసారి ఇటు చూడు."

"ఎలాగ సూడాల?"

"ఏమీ అనుకోకుండా చూడు."

తవిటమ్మ అలాగే చూసింది. కెమెరా వెనక ఉన్న సత్యరాజుకి ఎండలో చెమట చల్లబడింది.

సినిమా మొత్తం పన్నెండు నిమిషాలు. ఒక మనిషి ఇంటికొస్తాడు. వాకిట్లో ఎవరో ముసలామె తల వంచుకుని చెరుగుతూ ఉంటుంది. అతను ఏ గదిలోకి వెళ్లి ఏ కిటికీలోంచి చూసినా ఆమె అక్కడే, ఈసారి కొంచెం దగ్గరగా. చివరికి తలెత్తి చూస్తుంది. చేటలో గింజ ఉండదు. అంతే. శబ్దం రికార్డు చేసే యంత్రం లేక, ఆట సాగినంతసేపూ తవిటమ్మనే తెర వెనక కూచోబెట్టి నిజం చోళ్లు చెరిగించాడు.

మొదటాటకి ముందు వేశారు. గుడారంలో పన్నెండు నిమిషాలూ ఒక్క బీడీ వెలగలేదు. అయిపోయాక ఎవడో అరిచాడు: "దెయ్యమేదిరా?" దాంతో ఈలలు, కేకలు. "మా దెయ్యం మాకిచ్చీయండి!" అని నేలక్లాసు మొత్తం నవ్వింది.

"సెప్పినానా?" అన్నాడు గణపతిరావు, రీలు డబ్బా అతని చేతికిచ్చి.

సత్యరాజు రెండు రోజులు స్టూడియో తియ్యలేదు. మూడోనాడు తవిటమ్మ ఇంటికే వచ్చింది. బుట్ట నిండుగా ఉంది.

"నా సరుకు ఎవులూ కొంతం లేదు బాబూ. నా కేక ఇనబడితే తలుపులేసుకుంతన్నారు. పదేళ్ల కాతా, లక్ష్మణమ్మ, కిటికీలోంచి వొద్దని సెప్పీసింది. సంటిపిల్లలు నన్ను సూసి ఏడుస్తన్నారు."

"నిజంగానా?" సత్యరాజు లేచి నిలబడ్డాడు. "ఎవరెవరు జడిశారు? ఏమన్నారు? మగవాళ్లు కూడానా?"

తవిటమ్మ అతని మొహంలోకి చూసింది. "నీకు సంబరంగా ఉన్నాదేటి బాబూ?"

అతను చప్పున కూర్చున్నాడు. సంబరంగానే ఉంది. అది తెలిసినకొద్దీ సిగ్గుగానూ ఉంది.

ఆ మధ్యాహ్నమే ఆమెను వెంటబెట్టుకుని లక్ష్మణమ్మ ఇంటికి వెళ్లాడు. అంతా కెమెరా కిటుకేనని విడమరచి చెప్పాడు.

"తెలుసు బాబూ, సినిమాయే కదేటి," అంది లక్ష్మణమ్మ, తలుపు జానెడు తీసి. "మరి సేట కాళీ కదా, గింజల సప్పుడెక్కడిది?"

"తవిటమ్మప్పే తెర వెనక కూచుని చెరిగింది."

"అయితే తెరమీదా తనే, తెర ఎనకాలా తనే?"

"అవును!"

తలుపు పడింది. లోపల గడియ కూడా పడింది.

వారం తిరిగేసరికి గణపతిరావు పరిగెట్టుకుంటూ వచ్చాడు. పక్కనున్న గరివిడి నుంచి కూడా జనం అడుగుతున్నారట, ఆ ముసిల్దాని బొమ్మ మళ్లీ ఎప్పుడని. సత్యరాజు జీవితంలో ఎవరూ అతని పని కోసం గరివిడి నుంచి రాలేదు. అతను వీధిలోకి చూశాడు. తవిటమ్మ నిండు బుట్టతోనే ఇంటికి పోతోంది.

"వేద్దాం. కానీ దెయ్యాన్ని పెట్టి వేద్దాం," అన్నాడు.

గుడారం గేటు దగ్గర ఉండే నూకయ్యకి మీసం గీయించి, తెల్లచీర కట్టి, సవరాలతో జుట్టు విరబోసి నవ్వించారు. ఫిల్ము మద్రాసులో కడిగించి తెచ్చేసరికి మూడు వారాలు పట్టింది. అన్నాళ్లూ తవిటమ్మ బుట్ట సత్యరాజు ఇంట్లోనే ఖాళీ అయింది. లీలారాణి పూటపూటా అంబలి కాచింది. సత్యరాజు తన చేత్తోనే తవిటమ్మ చూసే చూపు కత్తిరించి, అక్కడ నూకయ్యని అతికించాడు.

జనం విరగబడ్డారు. నూకయ్య రాగానే ఈలలు వేసి, పైపంచెలు ఎగరేశారు. ఒక్కరూ జడవలేదు. ఆట పదకొండు రోజులు ఆడింది. "ఇదీ దెయ్యమంటే!" అని పోలీసుస్టేషను రైటరుగారు కూడా మెచ్చుకున్నారు. మర్నాడే లక్ష్మణమ్మ తలుపు బార్లా తీసి రెండు మానికల చోడిపిండి కొంది. దెయ్యం నూకయ్య అని తేలిపోయింది కదా.

తవిటమ్మ కూడా డేరాలో కూచుని కొత్త ఆట చూసింది. తరవాత స్టూడియోకి వచ్చింది. కృతజ్ఞత చెబుతుందనుకున్నాడు సత్యరాజు.

"నా సూపు తీసీసినావేటి బాబూ?"

"నీ కోసమే అప్పా. నీ వ్యాపారం..."

"యాపారం అయితంది. అది సరే. నాను బాగా సెయ్యలేదేటి?"

"నీ అంత బాగా ఎవరూ చెయ్యలేరు."

"మరి ముందు బొమ్మే బావున్నాది," అంది తవిటమ్మ. "ఆ నూకయ్యేటి, ఏబ్రాసి నవ్వు."

ఊళ్లో సత్యరాజు సినిమా బావుందన్న మనిషి ఈమె ఒక్కతే. ఆమె కోసమే దాన్ని పాడు చేశాడు. ఏదో చెప్పబోయేంతలో ఆమె బుట్ట నెత్తికెత్తుకుని, "సోడిపిండేయ్!" అని కేకేస్తూ స్టేషను వైపు నడిచింది. వీధిలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.