ఏటిగొడ్డు ఉప్పుకండ

చిట్టెమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుంది, రుచి చేతిలో ఉంటుంది. రెండోదాని కోసం మొదటిదాన్ని పేటంతా భరిస్తోంది. నాగాయలంక నుంచి పాలకాయతిప్ప దాకా ఉప్పుకండ పెట్టాలంటే ఆమే పెట్టాలి. మాంసాన్ని నార వెంబడి పొడుగ్గా కోసి, కల్లుప్పూ పసుపూ పట్టించి, బరువు పెట్టి నీరంతా కార్చి, దండెం మీద ఎండబెట్టిందంటే ఏడాదైనా పురుగు ముట్టదు. వండేటప్పుడు మళ్ళీ ఆ ఉప్పంతా దించాలి కదా, ఆ ఓపికా ఆమెకే ఉంది. బియ్యం కడుగులో నానబెట్టి, పారబోసి, మళ్ళీ నానబెట్టి, ఒక పొంగు రాగానే ఆ నీళ్ళూ వంపేసి, రోట్లో నాలుగు పోట్లు వేసి గోంగూరలో పడేసిందంటే, అబ్బో, పక్కింటివాళ్ళు ఏదో ఒక వంక పెట్టుకుని గిన్నె పట్టుకొచ్చేవాళ్ళు.

అలాంటి మనిషి, తెలిసి తెలిసి, ఏటిగొడ్డుని ఉప్పులో పెట్టింది. ఎందుకు పెట్టిందయ్యా అంటే, కూతురి కోసం.

సువార్త ఒక్కతే కూతురు. బందరు గిలకలదిండిలో బోట్ల మీద పనిచేసే కుర్రాడికిచ్చారు. మొదటి కాన్పులో రక్తం చాలక బిడ్డ దక్కలేదు, తల్లి చచ్చి బతికింది. ఇప్పుడు రెండో కాన్పుకి పుట్టింటికొచ్చింది. నర్సు గీతాంజలి వేలు పొడిచి రక్తం చూసి మొహం ముడుచుకుంది.

"ఆరే ఉందండీ చిట్టెమ్మ గారూ. పదకొండు ఉండాలి. ఇలాగే నొప్పులొస్తే ఈసారి ఎవరూ మాటివ్వలేరు" అంది.

ఐరన్ మాత్రలు మింగితే సువార్తకి వాంతులు. మునగాకు, తోటకూర, బెల్లం, పల్లీలు అన్నీ అయ్యాయి. "ఆకుకూరల్లో ఐరన్ ఒంటికి పట్టేది తక్కువండీ. మాంసంలోది చప్పున పడుతుంది. రోజూ కొంచెమైనా పెట్టండి. పులుపుతో వండితే ఇంకా మంచిది" అని చెప్పి వెళ్ళింది గీతాంజలి. రోజూ మాంసమట! చెప్పడానికేం, నోటికి పన్నా?

సరిగ్గా అప్పుడొచ్చింది కృష్ణకి వరద.

నీళ్ళు కరకట్టని నాకుతున్న రోజున, రేవు దగ్గర కంపలో ఒక దున్న చిక్కుకుని కనపడింది. అంత దున్నని పేటలో ఎవరూ చూసి ఎరగరు. భుజాలు మనిషెత్తున ఉన్నాయి. ఒళ్ళంతా నూనె రాసినంత నలుపు. నాలుగు కాళ్ళూ మాత్రం మోకాళ్ళ కింద సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. "ఎగువ దేశపు జాతి అయ్యుంటుందిరా" అనుకున్నారు. నడుం విరిగిపోయింది, లేవలేదు. కళ్ళు మాత్రం ఏరు వచ్చిన వైపే చూస్తున్నాయి. చిట్టెమ్మ మొగుడు దేవదానం, ఇంకొందరు మగాళ్ళు కలిసి దాని బాధ తీర్చేశారు. ఇంటికో పోగు చొప్పున మాంసం పంచుకున్నారు.

ఏటిగొడ్డు విషయంలో పేటకి ఒక కట్టుబాటు ఉంది. ఏట్లో కొట్టుకొచ్చిన గొడ్డుని ఆ పూటే వండుకు తినాలి. మిగిలితే ఏటికే వదిలెయ్యాలి. ఉప్పులో మాత్రం పెట్టకూడదు. ఎందుకంటే, దాని తాలూకు మనిషి కట్ట వెంబడి వెతుక్కుంటూ వస్తాడు. "ఆకలికి తినేశాం నాయనా" అని అతనికి చెప్పుకోవచ్చు. అతనూ గొడ్ల మనిషే, తిట్టుకుని వెళ్ళిపోతాడు. అతని కళ్ళ ముందే దండెం మీద వేలాడుతుంటే ఏం చెబుతావు? ఆకలికి తింటే ఒక లెక్క, దాచుకుంటే ఒక లెక్క.

ఇదంతా చిట్టెమ్మకి తెలీక కాదు. తన పోగు కుండలో వెయ్యకుండా కత్తిపీట ముందేసుకుని, పక్కవాళ్ళ దగ్గర ఇంకో పోగు కూడా అడిగి తెచ్చింది.

"ఏమే, ఉప్పు ఎందుకు తీశావు?" అన్నాడు దేవదానం.

"కాళ్ళకి పూసుకుందామని! కనపడట్లా?"

"ఏటిగొడ్డు చిట్టెమ్మా. వద్దు. మా నాన్న కూడా..."

"మీ నాన్న కూతురికి రక్తం ఆరే ఉందా? మీ నాన్న కూతురు మొదటి బిడ్డని మట్టి చేసిందా? పోవయ్యా అవతలికి!"

దేవదానం లేచి బయటికి నడిచాడు. ఆవిడ నోటికి ఎదురెళ్ళే ధైర్యం ఆయనకి పెళ్ళినాడూ లేదు, ఇప్పుడూ లేదు.

వాన తెరిపిచ్చాక దండేన్ని పెరట్లో కట్టింది. చిత్రమేమిటంటే, ఆ మాంసం మీద ఒక్క ఈగ వాలలేదు. కాకి రాలేదు. పేటలో కుక్కలు ఆ పెరటి దాపుకే రాకుండా చుట్టు తిరిగి పోయేవి. "నా ఉప్పు అలాంటిది" అనుకుంది చిట్టెమ్మ గొప్పగా.

ఆమె అన్న కొడుకు స్టీఫెన్ లారీ డ్రైవరు. కర్నూలు ట్రిప్పు నుంచి వచ్చి, రేవులో కంప మీద పడేసిన కొమ్ములు చూసి, పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అత్తా, అది దున్నపోతు కాదే. అడవిదున్న! శ్రీశైలం అవతల ఘాట్‌లో ఒకసారి లారీకి అడ్డం నిలబడింది, కళ్ళారా చూశాను. దాన్ని ఎవరూ పెంచరు, అది అడవిది. ఫారెస్టువాళ్ళకి తెలిస్తే కేసు."

మగాళ్ళు గబగబా ఆ కొమ్ముల్ని పాతిపెట్టారు. చిట్టెమ్మకి మాత్రం గుండె మీద బరువు దిగినట్టయింది. "అయితే ఇంకేం! యజమానే లేనప్పుడు ఎవడొస్తాడు అడగడానికి?" అంది.

"అది కాదత్తా. దారిలో అన్ని డ్యాములున్నాయి. అవన్నీ దాటి ప్రాణంతో ఎలా వచ్చింది?" అన్నాడు స్టీఫెన్.

ఆ మర్నాడు మిట్టమధ్యాహ్నం యజమాని వచ్చాడు.

ముసలాయన. చేతిలో గొడ్లు తోలే కర్ర, భుజం మీద తాడు. గుమ్మం గుమ్మం దగ్గరా ఆగి, "మా గొడ్డేమైనా ఇటొచ్చిందా అమ్మా?" అని అడుగుతున్నాడు. "వచ్చింది పెద్దాయనా, ఆ పూటే తినేశాం, ఏమనుకోకు" అని ప్రతి ఇంటివాళ్ళూ చెబుతున్నారు. "మంచిది" అని తలూపి ముందుకి కదులుతున్నాడు. చిట్టెమ్మ చాటు నుంచి చూస్తోంది. వరద తీసిన పేటంతా పిక్కల్లోతు బురద. ముసలాయన కాళ్ళకి తడే లేదు. మోకాళ్ళ దాకా తెల్లటి దుమ్ము, ఎండాకాలం బాట నడిచొచ్చినవాడికిలా.

"మా గొడ్డేమైనా ఇటొచ్చిందా తల్లీ?"

"రాలేదు" అంది చిట్టెమ్మ. పెరట్లో దండెం నిండా మాంసం ఎండుతోంది.

ఆయన ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. "మంచిది" అనలేదు. వెళ్ళిపోయాడు.

సరే, భయం భయమే, కూర కూరే. చిట్టెమ్మ రోజూ కొంచెం కొంచెం నానేసి, ఉప్పు దించి, ఓరోజు గోంగూరతో, ఓరోజు చింతచిగురుతో వండి కూతురికి తినిపించింది. సువార్త కంచం నాకినంత పని చేసేది. గీతాంజలి వచ్చి చూస్తే ఎనిమిది. ఆ తర్వాత పది. "ఏం పెడుతున్నారండీ బాబూ! మిగతావాళ్ళకీ చెబుతాను" అంది. చెంపలు నిండాయి, గోళ్ళలో ఎరుపొచ్చింది. చిట్టెమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ప్రార్థనలో అందరికంటే గట్టిగా పాడింది.

కానీ పిల్ల మాట్లాడటం తగ్గించింది. మొదట అలసట అనుకున్నారు. తర్వాత మొగుడు ఫోన్ చేసినా చెవి దగ్గర పెట్టుకుని ఊరికే వినేది. మంచం మానేసి గుమ్మం దగ్గర మట్టి మీద పడుకునేది, మొహం ఎప్పుడూ ఎగువకే. "ఏం కావాలి తల్లీ?" అంటే పెద్ద పెద్ద కళ్ళతో చూసేది. ఒకరోజు చిట్టెమ్మ నీళ్ళ బిందెతో వచ్చేసరికి, ఉప్పుజాడీ వెనకాల గోడని నాకుతోంది.

"రక్తం తక్కువున్నవాళ్ళకి మట్టి తినాలనిపిస్తుందండీ, మామూలే" అంది గీతాంజలి. అని తన చేతిలోని చీటీ చూసుకుంది. సువార్తకి పదకొండు దాటింది. నర్సు గబగబా సంచీ సర్దుకుంది.

అప్పటికే ఊపిరి కూడా మారింది. గట్టిగా, ముక్కుతో, బుస్సుమని. చూరులో పిచ్చుకలు ఆ చప్పుడుకి లేచిపోయేవి. ఆ రోజు చిట్టెమ్మ పెరటి తలుపు వేసుకుని కుమిలి కుమిలి ఏడ్చింది. మానేద్దామా? మానేస్తే రక్తం పడిపోతుందేమో. బిడ్డ ఏమైపోతుంది? పెడితే పిల్ల ఏమైపోతోంది? ఎటూ పాలుపోలేదు. కన్నీళ్ళు తుడుచుకుని మళ్ళీ నానేసింది.

ఒక ఉదయం నొప్పులు మొదలయ్యాయి. సువార్త అరవలేదు, మూలగలేదు. లేచి గోడకి భుజం ఆనించి రాసుకుంటోంది. దేవదానం అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఆటో కోసం పరిగెత్తాడు. ఆయన అటు వెళ్ళగానే గుమ్మంలో నీడ పడింది.

"మా గొడ్డు నీ ఇంట్లో ఉందమ్మా" అన్నాడు ముసలాయన.

"లేదని చెప్పానుగా!"

"ఊపిరి వినపడుతోంది."

లోపల నుంచి ఆ బుస. చిట్టెమ్మ దూలానికి కట్టిన మిగతా ఉప్పుకండంతా తాడుతో సహా లాక్కొచ్చి ఆయన ముందు పెట్టింది. చేతులు జోడించింది. పుట్టాక ఆమె ఎవరికీ చేతులు జోడించగా పేటవాళ్ళు చూడలేదు.

"తప్పయిపోయింది నాయనా. కూతురికి రక్తం లేదు. దాచుకున్నాను, అబద్ధం చెప్పాను. ఇది తీసుకెళ్ళిపో."

ఆయన కర్రతో ఆ ముక్కల్ని కదిపి చూశాడు. కోపంగా లేడు. ఎండలో చాలా దూరం నడిచొచ్చిన మనిషి అలసట, అంతే.

"తిన్నవాళ్ళతో నాకు పేచీ లేదు. వాళ్ళ దగ్గర అది అయిపోయింది. నువ్వు అయిపోనివ్వలేదు. ఉప్పేసి ఉంచావు. అది ఇంకా ఇంటికెళ్ళాలనుకుంటోంది తల్లీ. ఈ ముక్కలు నాకెందుకు? నడిచేది కావాలి. వచ్చిన దారినే నడిపించుకుపోవాలి."

"నడిచేది నా కూతురయ్యా!"

"నాకు గొడ్డే కనపడుతోంది."

చిట్టెమ్మ వెనక్కి తిరిగింది. సువార్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కడుపు ముందుకి, తల కిందికి. తల్లి వంక చూడను కూడా లేదు. ముసలాయన భుజం మీద తాడుని చూసి, దించిన మెడని ఇంకాస్త ముందుకి చాచింది.

ఆ మెడ చూసేసరికి చిట్టెమ్మకి భయం పోయింది. ఎక్కడలేని కోపం వచ్చింది. తన మీదే వచ్చింది. అంత ఉప్పుకండ వండింది, ముక్క తగ్గితే పిల్లకి తగ్గుతుందని తను ఇంతవరకూ రుచి కూడా చూడలేదు. కిందకి వంగి ఆ ఎండు ముక్కల్ని రెండు చేతులా అందుకుంది. నానలేదు, ఉడకలేదు, రాయిలా ఉన్నాయి. పళ్ళతో చీల్చి నమిలింది. ఉప్పు నాలుకని కోసేసింది, చిగుళ్ళు మండిపోయాయి, కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. మింగింది. ఇంకోటి చీల్చింది. ముసలాయన ఆపలేదు, ఓపిగ్గా నిలబడ్డాడు. తాడు ఖాళీ అయ్యేదాకా తింది.

"నడిచేది కావాలన్నావుగా" అంది రొప్పుతూ. "నేను నడుస్తాను. దాన్ని వదిలెయ్యి."

"మీవాళ్ళకి చెప్పుకుంటావా?"

"చెబితే ఎవరైనా వెళ్ళనిస్తారా? తెలివి తెల్లారినట్టే ఉంది! నడు ముందు."

ముసలాయన మొదటిసారి నవ్వాడు. తాడు భుజం మీద నుంచి తియ్యనే లేదు. కర్ర ఊపి కట్ట మీదకి ఎక్కాడు. చిట్టెమ్మ వెనకాల ఎక్కింది. బురద ఆమె కాళ్ళకి అంటుకోలేదు. పక్కన కృష్ణ ఇంకా ఎర్రగానే పారుతోంది, ఎగువన ఎక్కడో ఎండుటాకుల వాసన. ఆ వాసన ఎంత బాగుందో! ఇన్నాళ్ళూ ఇలాంటిదొకటి ఉందని తెలీకుండా ఎలా బతికిందో.

వెనకాల ఆటో ఆగిన చప్పుడు. గుమ్మం పట్టుకుని నిలబడ్డ సువార్తకి గుండెల్లో అడ్డం ఏదో తీసినట్టు ఊపిరి మామూలుగా ఆడింది. ఒక్కసారిగా నొప్పి తెలిసింది, భయం తెలిసింది, కట్ట మీద వెళ్ళిపోతున్న మనిషెవరో తెలిసింది. ఇన్నాళ్ళ తర్వాత నోరు తెరిచి, పేటంతా వినపడేలా అరిచింది.

"అమ్మా! అమ్మా, ఎక్కడికెళ్తున్నావే? అమ్మా!"

చిట్టెమ్మ ఆగింది. తల తిప్పి చూసింది. కింద ఒక చిన్న ఇల్లు, ముందు నిలబడి ఒక ఆడమనిషి ఏడుస్తోంది. పక్కన ఒక మగమనిషి కట్ట మీదకి పరిగెత్తుకొస్తున్నాడు. ఆ గొంతులో ఏదో దుఃఖం ఉంది, పాపం. ఎవరినో పిలుస్తోంది. ఎవరినా అని కట్టకి అటూ ఇటూ చూసింది, ఎవరూ లేరు.

ముందున్న ముసలాయన నాలుక చప్పరించి "హెయ్" అన్నాడు. అది ఆమెకి అర్థమైంది. తల దించుకుని నడిచింది.