తాళం నట్టు, గ్యాస్ బండ గంట

మా ఆయన పెసమినో ఊరి పెద్దల్లో ఒకడు. ఆదివారం ఎవరూ పని ముట్టకూడదన్నది మా ఊరి కట్టుబాటు. ఆదివారం పూట ఎక్కడైనా పనిముట్టు చప్పుడైతే చాలు, జరిమానా అనే మాట ముందు ఆయన నోట్లోంచే వస్తుంది. పోయిన నెల పక్కింటి అపెరామో ఆదివారం గడ్డికోత మిషను నడిపాడని, పెట్టెడు చేపల డబ్బాలు కక్కించింది ఈయనే. అలాంటి పెద్దమనిషి, ఏటా చర్చిలో పిల్లల చేత బైబిలు వాక్యాలు చెప్పించే పిల్లల ఆదివారం పొద్దున్నే తెల్ల లుంగీ కట్టుకుని, గాలి పోయిన కారు చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. చేతిలో సుత్తి ఉంది. కొట్టడానికి ధైర్యం లేదు.

నాకు నవ్వొచ్చింది. కార్లో కూర్చున్న మనవరాలు ఫెతును చూస్తే ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది.

ఫెతుకు నత్తి. పోయిన ఏడు వాళ్ల ఊరి చర్చిలో పిల్లలంతా లేచి వాక్యాలు అప్పజెబుతుంటే, ఇది మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. వెనక బెంచీలో కిసుక్కుమన్నారు. నేనుంటే ఒక్కొక్కళ్ల చెవి మెలిపెట్టేదాన్ని. ఈసారి మా ఊరి చర్చిలో చెప్పుకోవే అంటే వింటేనా!

"అ... అక్కడే చెప్తా అమ్మమ్మా. న... నవ్వినవాళ్ల ముందే" అంది.

నెల రోజులు మా ఇంట్లో ఉండి పందులకూ కోళ్లకూ అప్పజెప్పుకుంది. వాళ్ల ఊరేమో మా సవాయి దీవికి అవతలి ఒడ్డున ఉంది. ఆదివారం బస్సుల్లేవు. కారు కదలకపోతే పిల్ల నెల రోజుల కష్టం గంగపాలే.

ఆ కారు జపాన్‌లో ఎవరో వాడి వదిలేస్తే ఓడెక్కి వచ్చింది. ఒక్కో చక్రానికి నాలుగు మామూలు నట్లు, దొంగల భయానికి ఒక తాళం నట్టు. దాన్ని విప్పే చెవి జపాన్‌లోనే ఉండిపోయింది. కొన్ననాడే అడిగాను, చెవి ఏదయ్యా అని. చక్రం విప్పే పని మనకెందుకొస్తుందే అన్నాడు.

"వచ్చిందా పని?" అన్నాను.

"నోర్ముయ్యవే. విప్పడం నాకు తెలీదనుకున్నావా? ఇదిగో, ఈ పాత గొట్టం పానా నట్టు కంటే పిసరంత చిన్నది. నట్టు మీద పెట్టి దిగేదాకా బాదితే గట్టిగా కరుచుకుంటుంది. ఆపైన పిడికి నీళ్ల పైపు తొడిగి తిప్పితే, ఏ తాళమైనా చచ్చినట్టు ఊడొస్తుంది."

"మరి బాదు."

"ఆదివారమే! ఊరంతా వింటుందే!"

వినడమే కాదు, చూస్తుంది కూడా. మా ఇళ్లకు గోడలెక్కడివి? స్తంభాలూ కప్పూ, అంతే. పక్కింట్లో అపెరామో కోకో తాగుతూ తీరిగ్గా చూస్తూనే ఉన్నాడు. గిన్నె కింద పెట్టి లేచి వచ్చాడు.

"ఏం పెద్దాయనా, ఆదివారం పూట సుత్తితో షికారు బయల్దేరారా?"

మా ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. నేను ఊరుకుంటానా!

"తమ్ముడూ, మా మీద కోపముంటే రేపు తీర్చుకో. ఇవాళ పిల్ల చర్చికి వెళ్లాలి."

అపెరామో కార్లోకి తొంగి చూశాడు. ఫెతు ఒళ్లో టోపీ పెట్టుకుని కళ్లనిండా నీళ్లతో కూర్చునుంది. వాడు తల గోక్కున్నాడు.

"నాకు గంట కొట్టే వేళైంది" అని చర్చి వైపు నడిచాడు.

"అయిపోయింది. పాస్టరుగారికి చెప్పడానికే పోతున్నాడు" అన్నాడు మా ఆయన.

మా చర్చి గంటంటే, సీమపనస చెట్టుకు వేలాడదీసిన ఖాళీ గ్యాస్ బండ. ఇనుప కడ్డీతో కొడితే ఊరవతలికి వినిపిస్తుంది. ఠంగ్! మా ఆయన నా వంక చూశాడు.

"నన్ను చూస్తావేంటయ్యా? కొట్టు!"

ఠంగ్! రెండో దెబ్బకు సుత్తీ పడింది. ఏది గంటో ఏది సుత్తో మాకే తెలియలేదు. అక్కడ ఠంగుమంటే ఇక్కడ ఠంగు. ఫెతు కారు దిగొచ్చి పక్కన నిలబడింది. దెబ్బ పడినప్పుడల్లా పిడికిలితో తొడ మీద కొట్టుకుంటూ ఏదో గొణుగుతోంది.

అంతలో గంట ఆగింది. పానా సగమే దిగింది.

"ఇంకో నాలుగు దెబ్బలు పడితే చాలునే" అంటూ మా ఆయన అక్కడే చతికిలబడ్డాడు.

మా ఊళ్లో గంట ఆగిందంటే ఆగినట్టే. అలాంటిది, మళ్లీ ఠంగ్! రోడ్డు మీద తెల్లబట్టల్లో పోతున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. "అయ్యో, ఆలస్యమైపోయిందే!" అంటూ ముసలమ్మలు పరుగందుకున్నారు. అపెరామో మాత్రం మా కారు వైపే చూస్తూ, ఆపడే! ఠంగ్, ఠంగ్, ఠంగ్! పానా నట్టును కరుచుకునేదాకా మోగించాడు మహానుభావుడు. ఇక పైపు తొడిగి ఆయనా నేనూ వేలాడాం. నా టోపీ బురదలో పడింది. కీచుమని నట్టు కదిలింది. మా ముసలాణ్ణి అక్కడే ముద్దు పెట్టేసుకున్నాను, ఊరు చూస్తే చూడనీ.

స్టెప్నీ వేసుకుని, దుమ్ము రేపుకుంటూ ఫెతు వాళ్ల ఊరి చర్చికి వెళ్లేసరికి పిల్లలు అప్పజెప్పడం మొదలైపోయింది. ఫెతు పేరు పిలిచారు. లేచింది. నోరు తెరిచింది. మొదటి మాట గొంతులోనే చిక్కుకుంది. వెనక బెంచీ కదిలింది. నేను మా ఆయన చెయ్యి పట్టుకున్నాను.

ఫెతు పిడికిలి బిగించి తొడ మీద కొట్టింది. మాట బయటికొచ్చింది. ఇంకో దెబ్బ, ఇంకో మాట. కారు దగ్గర గొణిగింది ఇదన్నమాట! దెబ్బకొక మాటగా, చివరి మాట దాకా, ఒక్కటీ తడబడకుండా చెప్పింది. వెనక బెంచీలో కిక్కురుమన్నవాడు లేడు. మా ఆయన చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. నా జన్మలో అంత సంతోషం ఎరగను.

సాయంత్రం ఫెతును వెంటబెట్టుకుని మా ఊరికి తిరిగొచ్చాక మా ఆయన పెట్టెడు చేపల డబ్బాలు మోసుకెళ్లి అపెరామో ముందు దించాడు.

"ఏంటివి?"

"జరిమానా. ఆదివారం సుత్తి వాడాను."

"సుత్తా? నేను విన్నది గంటొక్కటే" అంటూ అపెరామో ఎడంచేత్తో కోకో గిన్నె అందుకున్నాడు. కుడిచెయ్యి పైకి లేవడం లేదు పాపం.

ఫెతు వాడి ముందు నిలబడి, పిడికిలితో తొడ మీద కొట్టుకుంటూ మొదటి నుంచీ మొత్తం అప్పజెప్పింది. అపెరామో గిన్నె కింద పెట్టేసి, నేల మీద ఎడంచేత్తో తాళం వేశాడు.