రొట్టెకి తలుపు

సాయంత్రం టీ వేళ ఐజిరెక్ లెక్కల పుస్తకం తెరిచిందంటే వాళ్ళమ్మ నూర్‌జమాల్‌కి చిర్రెత్తుకొచ్చేది. ఆ పిల్ల వృత్తాల లెక్క చేసినప్పుడల్లా ఇంట్లో గుండ్రటి వస్తువులన్నిటికీ తలుపులు మొలిచేవి. గిన్నె తలుపు తెరుచుకుని టీ అంతా ఒళ్ళో పడేది. పక్కింటావిడ వచ్చి, మా బకెట్ కారిపోతోంది, ఇవాళ్టికి లెక్కలు చాలించమనమ్మా అని చెప్పి వెళ్ళేది.

తప్పంతా జుమాబెక్ తాతది. కోచ్‌కోర్ ఊళ్ళో నలభై ఏళ్ళుగా గుండ్రటి గుడారాలు కడుతున్న ఆయనకి తెలిసిన సూత్రం ఒక్కటే. వ్యాసానికి మూడు రెట్లు కర్రల దడి, ఆపైన ఒక తలుపు, అదే చుట్టుకొలత. ఆరు మీటర్ల గుడారానికి పద్దెనిమిది మీటర్ల దడి, ఎనభై ఆరు సెంటీమీటర్ల తలుపు. గుడారం భేషుగ్గా నిలబడేది. ఐజిరెక్ మాత్రం బండి చక్రానికీ, బావికీ కూడా అదే ఎనభై ఆరు కలిపేది. కలీపా టీచరు ఎర్ర సిరాతో కొట్టేసేది.

ఎల్లుండే తొమ్మిదో తరగతి పరీక్ష. లెక్కలు తప్పితే నరీన్ పట్నంలో నర్సుల కాలేజీలో సీటు రాదు. అమ్మ పక్కన కూర్చుని జీవితాంతం ఉన్ని తడిపి, చుట్టి తివాచీలు చెయ్యాల్సిందే. ఐజిరెక్‌కి ఆ తడి ఉన్ని వాసనంటేనే పడదు.

"ఎనభై ఆరు సెంటీమీటర్ల తలుపు చక్రంలో ఎలా పడుతుందే?" నూర్‌జమాల్ విసుగ్గా రొట్టెని ముందుకు తోసింది. "ఇదిగో, దీనికీ ఉందిగా నీ తలుపు. ఎంతుందో చూసి ఏడు."

ఐజిరెక్ స్కేలు పెట్టి చూసింది. రొట్టె అడ్డంగా ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు, తలుపు నాలుగు. బకెట్ మూత ముప్పై అయిదు, తలుపు అయిదు. గబగబా పెరట్లోకి పోయి తొట్టి కొలిచింది. డెబ్బైకి పది. అన్నిటికీ తలుపు వ్యాసంలో ఏడో వంతే.

"పెద్ద ఇంటికి పెద్ద తలుపు. అది కూడా చెప్పాలా?" అన్నాడు తాత.

"చెప్పాలి తాతా," అంది ఐజిరెక్ పళ్ళు కొరుకుతూ.

పరీక్షలో పద్నాలుగు మీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి చెరువు వచ్చింది. మూడు రెట్లు నలభై రెండు, ఆపైన రెండు మీటర్ల తలుపు. నలభై నాలుగని రాసేసి, పక్కవాళ్ళకంటే ముందే కాగితం ఇచ్చి వచ్చింది.

సెప్టెంబరులో నూర్‌జమాల్ కూతురి పెట్టె నరీన్ బస్సెక్కించింది. రేపట్నుంచి ఉన్ని ఒక్కతే చుట్టుకోవాలి.

"సూదిమందు కొలిచేటప్పుడు మాత్రం మీ తాతని అడక్కు," అని కిటికీలోంచి చెయ్యి పట్టుకుంది. బస్సు కదిలేదాకా వదల్లేదు.